తొట్టెలో మంచినీటి వరద

కిలో సముద్రపు నీటిని పొయ్యి మీద పెట్టి చుక్క మిగలకుండా మరగబెడితే గిన్నె అడుగున తెల్లగా మిగిలేది సుమారు 35 గ్రాములు. వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు అన్నమాట. దీన్నే లవణీయత అంటారు. రొయ్యల చెరువు గట్టు మీద రైతు ‘సాలినిటీ ఎంతుంది’ అని అడిగినా, ఉప్పునీటి అక్వేరియం పెంచేవారు ‘పీపీటీ ఎంత’ అని అడిగినా లెక్క ఇదే. ఎర్రసముద్రంలో ఇది 40 దాకా ఉంటుంది. బాల్టిక్ సముద్రం నడిమధ్యన 7, 8 దగ్గరే ఆగిపోతుంది. ఇళ్లలో పగడపు జీవులను పెంచే తొట్టెల్లో 33 నుంచి 36 మధ్య నిలబెడతారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 పీపీటీ నీటి సాపేక్ష సాంద్రత సుమారు 1.026, 30 పీపీటీ అయితే సుమారు 1.023, 25 అయితే 1.019. అంకెల్లో మూడో దశాంశ స్థానం కదలడమే కనిపిస్తుంది, ఆ కదలికకే తొట్టెలో కొన్ని జీవులు ప్రాణాలు వదులుతాయి.

ఆ 35 గ్రాములూ వంటింటి ఉప్పు కాదు. అందులో క్లోరైడ్ సుమారు 19.4 గ్రాములు, సోడియం 10.8, సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం ఒక్కొక్కటీ 0.4. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలన్నీ తిరిగిన ‘ఛాలెంజర్’ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ విశ్లేషించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఎక్కడి నీరైనా మొత్తం ఉప్పు పెరగవచ్చు, తగ్గవచ్చు, కానీ ఉప్పుల మధ్య పాళ్లు దాదాపు మారవని ఆ విశ్లేషణ స్థిరపరిచింది. తొట్టెలో ఉప్పదనం పడిపోయినప్పుడు దేన్ని సరిచేయాలి, దేన్ని ముట్టుకోకూడదు అనేది ఈ పాళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఉప్పు ఎటు పోయింది?

ఉప్పునీటి తొట్టెను దాని మానాన వదిలేస్తే లవణీయత పెరుగుతుందే గాని తగ్గదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. 200 లీటర్ల తొట్టెలో ఫ్యాను గాలి తగులుతుంటే రోజుకు రెండు లీటర్ల దాకా ఎగిరిపోవడం మామూలే. ఆ లోటును మంచినీటితో పూడ్చాలి. కాబట్టి లవణీయత పడిపోయిందంటే ఎక్కడో మనిషి చెయ్యో, మనిషి పెట్టిన యంత్రమో తప్పు చేసినట్టే.

ఆ తప్పు రెండు దారుల్లో జరుగుతుంది. మొదటి దారి అందరికీ తెలిసిందే: రావాల్సిన దానికన్నా ఎక్కువ మంచినీరు వచ్చిపడడం. తొట్టె కింద క్యాబినెట్‌లో ఉండే చిన్న తొట్టెను సంప్ అంటారు. పై తొట్టె నీరు అంచు మీంచి పొర్లి పైపు గుండా అందులోకి దిగుతుంది, పంపు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. ఆవిరి వల్ల తగ్గేది సంప్‌లోని మట్టమే. అక్కడ ఫ్లోట్ స్విచ్ ఒకటి పెట్టి, మట్టం దిగగానే పక్కనున్న డబ్బాలోంచి మంచినీరు వచ్చేలా అమర్చుకుంటారు. మేడ మీది ట్యాంకులో బాల్ కాక్ చేసే పనే ఇది. అది మొరాయించే పద్ధతుల్లోనే ఇదీ మొరాయిస్తుంది. ఫ్లోటు మీదికి నత్త ఎక్కి కూర్చుంటుంది, నాచు పట్టి కింది స్థానంలోనే బిగుసుకుపోతుంది, డబ్బా ఎత్తులో ఉంటే పంపు ఆగినా సైఫన్ పట్టుకుని నీరు దానంతటదే దిగుతూ ఉంటుంది. ఇంకో చిత్రమైన సందర్భం ఉంది. పై తొట్టె అంచున నీరు పొర్లే జల్లెడ పళ్లకు నాచు అడ్డుపడితే పైన మట్టం పెరిగి, కింద సంప్‌లో తగ్గుతుంది. స్విచ్‌కు తెలిసింది ఒక్కటే: మట్టం తగ్గితే ఆవిరైనట్టు. అది మంచినీరు వదులుతూనే ఉంటుంది. పైన తొట్టె పొర్లి, ఉప్పునీరు నేల పాలవుతుంది.

రెండో దారిలో మంచినీరు ఎక్కువ రాదు, ఉప్పే బయటికి పోతుంది. తొట్టెలోని మడ్డిని నురగగా తేల్చి గిన్నెలోకి తోసే యంత్రాన్ని ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు. అది మరీ పలచటి నురగ తోస్తుంటే, రోజుకు ఒక లీటరు తొట్టెనీరే గిన్నెలోకి పోతుంది. సంప్ మట్టం తగ్గుతుంది, యంత్రం మంచినీటితో నింపుతుంది. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. రోజుకు 35 గ్రాముల ఉప్పు పోయి, దాని చోట వట్టి నీరు వస్తోంది. 200 లీటర్ల తొట్టెలో నెల తిరిగేసరికి 35 కాస్తా 30కి దిగుతుంది. అతుకు దగ్గర సన్నగా కారే తొట్టెదీ ఇదే కథ.

ఈ రెండింటికీ మధ్య తేడా మొత్తం చికిత్సనే మార్చేస్తుంది. హఠాత్తుగా జరిగింది వేరు, హఠాత్తుగా బయటపడింది వేరు. నెల రోజులు మీటరు ముట్టుకోని ఇంట్లో ఒక ఆదివారం ఉదయం 30 కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ తొట్టెలోని జీవులకు అది హఠాత్తు కాదు. అవి రోజుకు 0.17 చొప్పున దిగుతూ వచ్చాయి. అదే 30 రాత్రికి రాత్రి వస్తే పరిస్థితి పూర్తిగా వేరు. మీటరు ఎంత తగ్గిందో చెబుతుంది, ఎప్పటి నుంచో చెప్పదు. ఆ రెండోది తెలియకుండా ఉప్పు సంచి విప్పడం మందు పేరు చూడకుండా మింగడమే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది; ఎండుద్రాక్షను వట్టి నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు నీరు పొర దాటి పోతుంది. సముద్రపు చేప ఒక విధంగా ఆవకాయ ముక్కే. దాని రక్తంలో కరిగి ఉన్న లవణాల గాఢత సముద్రపు నీటిలో దాదాపు మూడో వంతు. అందువల్ల దాని ఒంట్లో నీరు మొప్పల గుండా నిరంతరం బయటికి పోతుంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప సముద్రపు నీరే తాగుతుంది. దీన్ని 1930లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్ ప్రయోగపూర్వకంగా చూపించాడు. తాగిన నీటితో పాటు లోపలికి వచ్చిన సోడియం, క్లోరైడ్‌లను మొప్పల్లోని ప్రత్యేక కణాలు బయటికి తోడిపోస్తాయి. ఈ కణాలను 1932లో వర్ణించిన ఇద్దరిలో ఒకరు యాన్సెల్ కీస్. ఆహారంలోని కొవ్వుకూ గుండె జబ్బుకూ ఉన్న సంబంధం మీద తరవాతి కాలంలో ప్రపంచమంతా పేరు పొందిన కీస్ ఈయనే.

బయటి నీరు 35 నుంచి 28కి దిగితే చేపకు పని పెరగదు, తగ్గుతుంది. పోయే నీరు తక్కువ, తాగాల్సింది తక్కువ, తోడాల్సిన ఉప్పూ తక్కువ. 11, 12 పీపీటీ దగ్గర లోపలి గాఢత, బయటి గాఢత సమానమవుతాయి. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవిని వదిలించడానికి, చేపలను మాత్రమే ఉంచిన వేరే తొట్టెలో సాపేక్ష సాంద్రతను 1.009 దాకా దించి కొన్ని వారాలు అక్కడే నిలపడం ఒక చికిత్స. లవణీయత సగానికి పైగా పడిపోయినా చాలా రకాల చేపలు బతుకుతాయని దీన్ని బట్టే తెలుస్తోంది. సొరచేపల సంగతి మాత్రం వేరు. అవి రక్తంలో యూరియాను నిలవ చేసుకుని ఒంటి గాఢతను సముద్రానికి సమానంగా ఉంచుకుంటాయి కాబట్టి బయటి నీరు పలచనైతే వాటి ఒంట్లోకి నీరు దూరుతుంది.

చేపలు హాయిగా తిరగడం ఇంటివారిని మోసం చేస్తుంది. అద్దం ముందు నిలబడితే కంటికి ముందు ఆనేవి అవే. ఈ ప్రమాదం గురించి ఆఖరున చెప్పేవీ అవే. అసలు దెబ్బ వెన్నెముక లేని జీవులకు తగులుతుంది. పగడాలు, సముద్రపు పూలు, నక్షత్ర చేపలు, నత్తలు ఒంటి లోపలి గాఢతను బయటి నీటితో సమానంగా ఉంచుకునే జీవులు. వాటికి చేపలకున్నలాంటి తోడిపోసే యంత్రాంగం లేదు. నక్షత్ర చేపలకూ ముళ్ల అర్చిన్లకూ మూత్రపిండాల లాంటి అవయవమే లేదు. వాటి ఒంట్లోని సన్నని గొట్టాల్లో తిరిగేది దాదాపు సముద్రపు నీరే. బయట ఉప్పు తగ్గిన కొద్ది నిమిషాల్లోనే వాటి కణాల్లోకి నీరు చేరి, కణాలు ఎండుద్రాక్షలా ఉబ్బడం మొదలవుతుంది.

ఉబ్బిన కణం ఊరికే కూర్చోదు. లోపల దాచుకున్న పొటాషియం లాంటి అయాన్లను, గ్లైసీన్, అలనీన్, టారిన్ లాంటి అమైనో ఆమ్లాలను బయటికి వదిలేస్తుంది. లోపలి చిక్కదనం తగ్గితే వచ్చిన నీరు తిరిగి వెళ్లిపోతుంది. వరదొచ్చిన పడవలో సరుకు ఏట్లోకి విసిరేసి పడవను తేల్చుకోవడం లాంటిది ఇది. అయాన్లు తొందరగానే కదులుతాయి. అమైనో ఆమ్లాల సర్దుబాటు గంటల నుంచి రోజుల దాకా సాగుతుంది. ఆ తరవాత జీవి తక్కువ ఉప్పులో కుదురుకుంటుంది, కానీ దాని గిడ్డంగి ఖాళీ. ఇప్పుడు ఒక్కసారిగా 35కి లేపితే బయట చిక్కన, లోపల పలచన. ఈసారి కణం కుంచించుకుపోతుంది. పారేసిన సరుకును మళ్లీ కూడబెట్టుకోవడానికి దానికి రోజులు పడుతుంది. పడిపోయి రెండు గంటలే అయితే సరుకు ఇంకా చాలావరకు పడవలోనే ఉంటుంది కాబట్టి త్వరగా వెనక్కి తేవడమే మేలు. పడిపోయి మూడు వారాలైతే మెల్లగా తేవాలి. ఎప్పటి నుంచి అనే ప్రశ్నకు అంత పట్టింపు ఇందుకే.

సముద్రంలో ఇదే వరద

ఈ ప్రమాదం తొట్టెలకే పరిమితం కాదు. 1991 మొదట్లో ఆస్ట్రేలియాలో ఫిట్జ్‌రాయ్ నది వరదనీరు కెప్పెల్ దీవుల పగడపు దిబ్బల మీదికి వచ్చి నిలిచి, లోతు తక్కువ చోట్ల పగడాలను చంపేసింది. హవాయిలోని కనియోహే అఖాతంలో 1965లోను, మళ్లీ 1987 చివర కుండపోత వానలప్పుడూ ఇదే జరిగింది. రెండు చోట్లా చచ్చినవి పైపొరలో ఉన్న పగడాలు. కాస్త లోతున ఉన్నవి చాలావరకు గట్టెక్కాయి. మంచినీరు తేలిక. అది ఉప్పునీటితో వెంటనే కలవదు, పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది.

బంగాళాఖాతంలో ఈ మీగడ ఏటా కడుతుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి లాంటి నదుల వాననీరంతా పైపొరలో చేరి, వర్షాకాలం వెళ్లాక తీరం వెంట దక్షిణానికి ప్రవహిస్తుంది. తూర్పు తీరం పొడవునా కొన్ని చోట్ల జాలర్లు ఐదేసి రోజులకొకసారి పడవ మీంచి సీసాలో పట్టి ఇచ్చిన నీటిని ఏళ్ల తరబడి పరీక్షించి, శాస్త్రవేత్తలు దాన్ని 2014లో ‘సముద్రంలో నది’ అని వర్ణించారు. దాని వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. ఉత్తర కోస్తాలో ఆ రోజుల్లో ఉపరితల లవణీయత 10 పీపీటీకి పైగా పడిపోతుంది. విశాఖ లాంటి తీరపట్నంలో బీచి నుంచి డబ్బాలతో నీరు తెచ్చి తొట్టె నీరు మార్చేవారికి ఇది నేరుగా సంబంధించిన విషయం. మార్చిలో తెచ్చిన నీరూ నవంబరులో తెచ్చిన నీరూ ఒకటి కావు. కొలవకుండా పోస్తే సముద్రపు నీటితోనే తొట్టె లవణీయత దించుకున్నట్టవుతుంది.

ఉప్పదనం మార్పును మెల్లగా అలవాటు చేయడం కోస్తా ఆంధ్రలో కొత్త విద్యేమీ కాదు. సముద్రతీరపు హేచరీల్లో దాదాపు సముద్రపు ఉప్పదనంలోనే పుట్టి పెరిగిన వనామీ సీడును, భీమవరం చుట్టుపక్కల దాదాపు మంచినీటి లాంటి చెరువులకు పంపే ముందు మెట్లు మెట్లుగా దించుతారు. వనామీ, టైగర్ రొయ్య, పండుగప్ప నదీముఖాల దగ్గర ఉప్పూ మంచినీరూ రెంటినీ చూసిన జాతులు, తట్టుకుంటాయి. పగడపు దిబ్బల జీవులకు ఆ అలవాటు లేదు.

మొదటి గంట

తెల్లవారి క్యాబినెట్ తలుపు తీస్తే కనిపించే దృశ్యం దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. రాత్రి నిండుగా ఉన్న మంచినీటి డబ్బా అడుగంటి ఉంటుంది. సంప్ అంచుల దాకా నిండి ఉంటుంది. స్కిమ్మర్‌లో నురగ చచ్చి, గొట్టంలో పెద్ద పెద్ద బుడగలు మాత్రం గుడగుడమంటూ పగులుతుంటాయి, ఎందుకంటే ఉప్పు తగ్గిన నీటిలో చిన్న బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నురగ నిలవదు. టార్చి వేసి చూస్తే సంప్ నీటిలో పారదర్శకమైన తీగలు మెలికలు తిరుగుతుంటాయి. చక్కెర పాకం నీళ్లలో కలిసేటప్పుడు కనిపించే తీగలే అవి. పైన తొట్టెలో పగడాలు ముడుచుకుని జిగురు వదులుతుంటాయి, నత్తలు అద్దం మీంచి జారి ఇసుకలో పడి ఉంటాయి.

మొట్టమొదట చేయాల్సింది నీరు పోసే యంత్రం ప్లగ్గు పీకి, దాని గొట్టాన్ని నీటి మట్టానికి పైకి లాగడం. గొట్టం కొస నీటిలో మునిగి ఉంటే ప్లగ్గు పీకినా సైఫన్ ఆగకపోవచ్చు.

తరవాత చూడాల్సింది పంపు తిరుగుతోందా, ఆగిందా అన్నది. తిరుగుతుంటే మంచినీరు ఎప్పుడో అంతటా కలిసిపోయింది, చేయగలిగింది లేదు. కానీ కరెంటు పోయి పంపు ఆగినప్పుడే సైఫన్ గుండా నీరు దిగి ఉంటే వరద ఇంకా సంప్‌లోనే, అందులోనూ పైపొరలోనే ఉంటుంది. ఈ స్థితిలో కరెంటు రాగానే పంపు తిరిగితే మంచినీరంతా పగడాల మీదికి పోతుంది. పంపు ప్లగ్గు పీకి, సంప్ పైపొరను మగ్గుతో నెమ్మదిగా తోడిపోస్తే ఆ తొట్టెకు అసలు ప్రమాదమే తప్పుతుంది. ఇంత తేలిగ్గా బయటపడే అవకాశం దొరికేది ఈ ఒక్క సందర్భంలోనే, అదీ కరెంటు తిరిగి వచ్చే లోపే.

మంచినీటి డబ్బాలో పోసింది కుళాయి నీరైతే అందులోని క్లోరిన్ వేరే సమస్య. సోడియం థయోసల్ఫేట్ ఉన్న క్లోరిన్ విరుగుడు మందును మొత్తం నీటికి సరిపడా వెంటనే వేయాలి. ఆర్వో నీరైతే ఈ బెడద సాధారణంగా ఉండదు.

ఇక కొలత. చేతిలో ఉన్న పరికరాన్ని నమ్మే ముందు దాన్ని అనుమానించాలి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు ముల్లుకు ఉప్పు పేరుకుంటే బరువెక్కి తక్కువ చూపుతుంది. బుడగలు అంటుకుంటే తేలి ఎక్కువ చూపుతుంది. రిఫ్రాక్టోమీటరును వట్టి నీటితో సున్నా చేస్తే చాలదు, 35 దగ్గర కూడా సరిచూడాలి. అయోడిన్ కలపని శుద్ధమైన సోడియం క్లోరైడ్ 36.5 గ్రాములను 963.5 గ్రాముల శుద్ధ జలంలో కరిగిస్తే, ఆ ద్రావణం కాంతిని వంచే తీరు 35 పీపీటీ సముద్రపు నీటిదే. పరికరం దాన్ని 35గా చూపాలి. విద్యుద్వాహకతతో కొలిచే మీటరు ఉంటే 25 డిగ్రీల దగ్గర 35 పీపీటీకి సెంటీమీటరుకు 53 మిల్లీసీమెన్స్ రావాలి. ఈ తనిఖీ చాదస్తం కాదు. పడిపోయింది నీరు కాక మీటరే అయితే, ఆరోగ్యంగా ఉన్న తొట్టెలో ఉప్పు కుమ్మరించి చేపలనూ పగడాలనూ కలిపి చంపుకున్నట్టవుతుంది. చేపలు తగ్గుదలను ఓర్చినట్టు పెరుగుదలను ఓర్వవు.

వెనక్కి తెచ్చే లెక్క

200 లీటర్లు, 35 పీపీటీ. అంటే తొట్టెలో ఉన్న ఉప్పు 7 కిలోలు. రాత్రి 20 లీటర్ల మంచినీరు వచ్చి చేరింది, సంప్‌లో ఖాళీ ఉండడంతో చుక్క కూడా నేల మీద పడలేదు. ఇప్పుడు 220 లీటర్లలో అదే 7 కిలోలు, లవణీయత 31.8. ఇక్కడ ఉప్పు పోలేదు, నీరు ఎక్కువైంది, అంతే. నీరు పోసే యంత్రాన్ని కట్టేసి ఊరుకుంటే రోజుకు రెండు లీటర్ల చొప్పున ఆవిరై వారంలో 34కు, పది రోజుల్లో 35కు దానంతటదే వస్తుంది. ఉప్పు కొనక్కర్లేదు, కలపక్కర్లేదు. కంగారుపడి అదనపు నీటిని తోడి పారబోస్తే మాత్రం ఆ 20 లీటర్లతో 640 గ్రాముల దాకా ఉప్పు మోరీలో కలుస్తుంది. ఆ తరవాత దాన్ని కొని పోయాల్సిందే.

వరద పెద్దదైతే ఇలా కాచుకు కూర్చోవడం కుదరదు. 40 లీటర్లు చేరితే 29.2కు పడుతుంది, ఇరవై రోజులు ఆ స్థితిలో ఉండడం నక్షత్ర చేపకూ అర్చిన్‌కూ ప్రాణాంతకం కావచ్చు. సాధారణంగా ఇంటివారు చేసేది, అదనపు నీరు తీసేసి 200కు తెచ్చాక, మరో 40 లీటర్లు తీసి 35 పీపీటీ నీరు పోయడం. లెక్క వేస్తే గాని నమ్మబుద్ధి కాదు: అంత మోసి, అంత పోసినా లవణీయత 29.2 నుంచి 30.3కే చేరుతుంది. అదే 40 లీటర్లను 42 పీపీటీతో కలిపి పోస్తే 31.7కు వస్తుంది. చిక్కటి నీటిని ఒక్క పెట్టున గుమ్మరించకుండా సంప్‌లో, నీరు జోరుగా తిరిగేచోట, గంటల మీద సన్నధారగా పోయాలి.

ఎంత వేగంగా అన్నదానికి ఎప్పటి నుంచి అన్నదే కొలమానం. కొద్ది గంటల కిందట రెండు మూడు పీపీటీలు పడి ఉంటే ఆ రోజే వెనక్కి తీసుకురావడంలో తప్పులేదు. గంటల కిందటే అయినా ఆరేడు పడి ఉంటే సగం దూరం ఆ రోజు, మిగతాది రెండు మూడు రోజుల్లో. స్కిమ్మర్ చేసిన నెలనాటి దొంగతనమైతే రోజుకు ఒక పీపీటీ మించకూడదు. అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. ఈ ఆఖరి సందర్భానికి అన్నింటికన్నా తేలికైన పద్ధతి ఆవిరైన లోటును కొన్నాళ్లు మంచినీటితో కాక 35 పీపీటీ నీటితో నింపడం. రోజుకు రెండు లీటర్లంటే 70 గ్రాముల ఉప్పు, 200 లీటర్లకు 0.35 పీపీటీ. తొట్టె దిగిన తీరులోనే మెట్లెక్కుతుంది, జీవులకు తెలియను కూడా తెలియదు.

ఉప్పు అంటే అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పు మిశ్రమమే. దాన్ని పొడిగా తొట్టెలో చల్లకూడదు. కరగని పలుకు పగడం మీద పడితే కండ కాలుతుంది, పలుకు చుట్టూ గాఢత పెరిగి కాల్షియం కార్బొనేట్ తెల్లగా విరిగిపోతుంది. వేరే బకెట్లో చిన్న పంపు వేసి కొన్ని గంటలు తిప్పి, తేటపడ్డాక, తొట్టె ఉష్ణోగ్రతకు తెచ్చి పోయాలి. మిశ్రమాల్లో తేమ కూడా ఉంటుంది కాబట్టి లీటరుకు 35 గ్రాములు వేస్తే సరిగ్గా 35 రాదు, ఇంకాస్త పడుతుంది. ఎంతన్నది మీటరే చెప్పాలి.

ఆదివారం దుకాణం తెరవలేదని వంటింటి ఉప్పు డబ్బా తీయాలనిపించడం సహజం. ‘అదీ సముద్రపు ఉప్పేగా’ అనే వాదనలోని లోపం నౌపడ ఉప్పు మడుల దగ్గర చూస్తే తెలుస్తుంది. మడిలో సముద్రపు నీరు ఎండకు చిక్కబడుతుంటే ముందు కాల్షియం కార్బొనేట్, తరవాత జిప్సం అడుగుకు చేరతాయి. నీరు పదో వంతుకు దగ్గరపడ్డాక గాని మామూలు ఉప్పు స్ఫటికాలు కట్టవు. అవి తీశాక మిగిలిన చేదునీటిలోనే మెగ్నీషియం అంతా ఉండిపోతుంది. మనం తినే ఉప్పు సముద్రం నుంచి వచ్చిందే, కానీ డిట్మార్ చెప్పిన పాళ్లన్నీ వదిలించుకుని వచ్చింది. పైగా దానిలో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపిన పదార్థాలు. కృత్రిమ సముద్రజలాన్ని 1854లో తయారుచేసిన ఫిలిప్ హెన్రీ గాస్ కూడా మామూలు ఉప్పుకు తోడు మెగ్నీషియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపాడే గాని ఒక్క ఉప్పుతో సరిపెట్టలేదు.

పాళ్లు చెదరకపోవడం వల్ల ఒక మేలూ ఉంది. 35 నుంచి 28కి, అంటే ఐదో వంతు పలచనైన నీటిలో లీటరుకు 410 మిల్లీగ్రాముల కాల్షియం 330 దగ్గర, 8 డీకేహెచ్ ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 6.4 దగ్గర కనిపిస్తాయి. పరీక్ష కిట్టులో ఈ అంకెలు చూసి కాల్షియం మందు, ఆల్కలినిటీ మందు విడివిడిగా పోయడం మొదలుపెడితే, తరవాత ఉప్పు మిశ్రమం వేసేసరికి రెండూ హద్దు దాటుతాయి. లవణీయతను సరిచేస్తే ఇవి వాటంతటవే వెనకే వస్తాయి. లవణీయత సరయ్యాకే కొలిచి, లోటుంటే అప్పుడు పూడ్చాలి.

తరవాతి వారం

లవణీయత 35కు చేరాక కూడా అసలు చావులు మూడో రోజున, ఐదో రోజున బయటపడవచ్చు. ఇసుకలోని పురుగులు, రాళ్ల సందుల్లోని నత్తలు కంటికి కనపడకుండా చచ్చి కుళ్లుతాయి. సరిగ్గా ఆ సమయంలోనే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా, ఉప్పు మార్పు దెబ్బకు మందగించి ఉంటుంది. వచ్చే అమ్మోనియా ఎక్కువ, తినే నోళ్లు తక్కువ. వారం పాటు రోజూ అమ్మోనియా పరీక్ష చేసి, మేత సగానికి తగ్గించి, కదలని నత్తను తీసి వాసన చూడాలి. చచ్చిన నత్త వాసనకు సందేహం ఉండదు. నక్షత్ర చేప చేతులు మెత్తబడి తెల్లటి మచ్చలు వస్తే, అర్చిన్ ముళ్లు రాలుతుంటే అవి సాధారణంగా కోలుకోవు. కుళ్లక ముందే తీసేయడం మిగతా వాటికి మేలు. పగడాలు మాత్రం వారం పది రోజులు ముడుచుకుని ఉండి తిరిగి విచ్చుకోవడం అరుదు కాదు, తొందరపడి పారేయకూడదు. వాటికి వెలుగు కొంత తగ్గించి, కదలించకుండా వదిలేయాలి.

ఈ రోజుల్లో చేపలు ఎగశ్వాస తీస్తే ఆక్సిజన్ తక్కువైందనుకుంటారు. ఉప్పు తగ్గిన నీటిలో ఆక్సిజన్ ఎక్కువే కరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములైతే మంచినీటిలో 8.2. ఆ ఎగశ్వాసకు ముందుగా అనుమానించాల్సింది అమ్మోనియాను.

మళ్లీ ఇలా జరగకుండా రెండో ఫ్లోట్ స్విచ్, నీరు పోసే పంపుకు టైమరు, గొట్టానికి సైఫన్ విరిచే రంధ్రం లాంటివి పెడతారు. అన్నీ మంచివే, అన్నీ ఏదో ఒక రోజు మొరాయించేవే. మొరాయించనిది డబ్బా పరిమాణం ఒక్కటే. ఇరవై రోజులకు సరిపోతుందని 40 లీటర్ల డ్రమ్ము పెట్టుకున్న ఇంట్లో యంత్రం చెడితే తొట్టె 29.2కు దిగుతుంది. అదే యంత్రం, అదే తొట్టె, పక్కన 8 లీటర్ల బకెట్ ఉంటే మొత్తం ఖాళీ అయినా 33.7 దగ్గర ఆగుతుంది. నాలుగు రోజులకొకసారి బకెట్ నింపుకోవాలి, నింపినప్పుడల్లా మీటరు చూసి ఆ అంకెను తారీఖుతో సహా క్యాబినెట్ తలుపు లోపలి వైపు రాసుకోవాలి.